ఆమె ఊపిరికి నా మొహం

సేవ చేద్దామని నేను వెళ్ళలేదు. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ హాయి. మా చర్చి సేవా సంఘానికి ఉచితంగా యాప్ చేసిపెట్టిన సోదరి అని నన్ను స్టేజీ ఎక్కించి శాలువా కప్పారు కాబట్టి చెప్పవలసి వస్తోంది. నేను వెళ్ళింది ఒక ఆక్సిజన్ మిషన్ కోసం. అది మా చేపల అక్కకు కావాలి. ఊపిరితిత్తులు పూర్తిగా చెడిపోయాయనీ, ఇంట్లో ఆ మిషన్ పెట్టుకోకపోతే ఎక్కువ కాలం బతకదనీ నెల్లూరులో డాక్టరు చెప్పి పంపేశాడు.

మేముండేది బిట్రగుంట రైల్వే క్వార్టర్స్‌లో. మా ఆయనది రైల్వే ఉద్యోగం. నాది ఇంట్లో కూర్చుని చెన్నై కంపెనీకి చేసే సాఫ్ట్‌వేర్ పని. చేపల అక్క తూర్పున సముద్రం ఒడ్డు పాలెం నుంచి ఆటోలో వచ్చి, గంప నెత్తిన పెట్టుకుని కాలనీ అంతా తిరిగేది. నేను మీటింగులో ఉన్నానని తెలిసినా గేటు దగ్గర నిలబడి, "వంజరం తెచ్చినా, వస్తావా పొమ్మంటావా?" అని కేక పెట్టేది. ఆ గొంతు చెన్నైలో మా మేనేజరుకు కూడా తెలుసు. బేరమాడితే గంప ఎత్తుకుని నా మొహం కూడా చూడకుండా పక్క గేటుకు పోయేది. మేమిద్దరం స్నేహితులమని ఎవరైనా అంటే ముందు ఆమే ఒప్పుకోదు. ఇన్నేళ్ళలో మా మధ్య నడిచిందంతా తగువే.

ఆ గొంతు మెల్లగా తగ్గింది. మొదట గేటుకో సారి గంప దించేది. తర్వాత కేక వెయ్యలేక గేటు గొళ్ళెం టకటకా కొట్టేది. తర్వాత రావడమే మానేసింది. ఆమె చెల్లెలు వచ్చి విషయం చెప్పింది. ఆ మిషన్ గురించి చెప్పింది కూడా ఆ చెల్లెలే. కరెంటులో పెడితే గాలిలోంచి ఆక్సిజన్ తీసి గొట్టంలోంచి ముక్కుకు అందిస్తుందట. అలాంటివి మా చర్చి హాలు వెనక గదిలో ఒక వరస ఉన్నాయి. కరోనాలో ఎవరో దాతలు ఇచ్చారు. మీద ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పలేదు.

వెళ్ళి అడిగాను. సేవా సంఘం సెక్రటరీ గారు రిటైరైన ఆఫీసరు. తెల్ల చొక్కా, చేతిలో ఎప్పుడూ ఫోను. ఏ మాటైనా "దేవుని పని" అని మొదలుపెడతారు.

"దేవుని పనమ్మా. ఊరికే ఇచ్చేస్తే ఎలా? దాతలకు లెక్క చెప్పాలి కదా. దానికొక వ్యవస్థ ఉండాలి."

"వ్యవస్థ అంటే ఏంటండీ?"

"యాప్ అమ్మా."

మనుషులు ఊపిరాడక పోతుంటే మిషన్లు కవర్లేసుకుని కూర్చున్నది యాప్ లేకనట. సరే, నేను చేస్తాను, మొదటి మిషన్ మా అక్కకు ఇవ్వాలి అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి ఒప్పుకున్నారు.

ఉచితంగా చేసే మనిషంటే అందరికీ అలుసే. ఆఫీసు పని ముగించి వంట పొయ్యి మీద పెట్టి ఈ పనికి కూర్చునేదాన్ని. దేవుని పనికి తొందర లేదమ్మా అంటూనే ఆదివారానికల్లా కావాలనేవారు. రంగు మార్చమన్నారు. పావురం బొమ్మ పెట్టమన్నారు. పెడితే పావురం కాకిలా ఉందన్నారు. పాస్టరు గారి ఫోటో కంటే తన ఫోటో పెద్దగా ఉంది, బాగుండదు, ఇద్దరివీ పెద్దవి చెయ్యమన్నారు. ఇవన్నీ పళ్ళు బిగబట్టి చేశాను. చివర్లో అసలుది బయటపెట్టారు.

మిషన్ తీసుకున్న పేషెంటు ప్రతి శనివారం ఫోటో ఎక్కించాలి. ముక్కుకు గొట్టం ఉండాలి. గొట్టం మిషన్‌కి తగిలించి ఉండాలి. మిషన్ మీద సంఘం స్టిక్కరు కనపడాలి. మొదట ఎక్కించిన మొహంతో ఈ మొహం కలవాలి. కలిస్తే పచ్చ, కలవకపోతే ఎరుపు. ఎరుపు రెండోసారి వస్తే మిషన్ వెనక్కి తెచ్చేస్తారు. అన్నిటికీ మించి, పేషెంటు నవ్వుతూ ఉండాలి.

"ఊపిరాడని మనిషి నవ్వాలాండీ?" అన్నాను.

"కృతజ్ఞత కనపడాలి కదమ్మా. దాతలు కూడా మనుషులే కదా."

గొడవపడ్డాను. పాస్టరు గారి దాకా వెళ్ళాను. ఆయన ఇద్దరి కోసం ప్రార్థన చేశారు. ఈ ఫోటో పేజీ లేకపోతే గది తాళం తీసేది లేదని సెక్రటరీ గారు తేల్చేశారు. పాలెంలో ఆ అక్క మంచం పట్టుకుని కూర్చుని ఉంది. చేసిచ్చాను. చేసిచ్చిన రోజే యాప్ మొత్తం దాతల తరఫున హైదరాబాదులో ఒకాయన చేతికి పోయింది. కృతజ్ఞతలు చెప్పి నన్ను బయటికి నెట్టారన్నమాట. నాకు మిగిలింది వాలంటీరు అనే పేరు, పేషెంటు మొదటి ఫోటో సరిగా పడకపోతే కొత్తది ఎక్కించే వీలు, ఒక శాలువా.

మిషన్ పాలెం చేరింది. మొదటి శనివారం ఆమె ఫోటో వచ్చింది. పచ్చ. ఆ ఆదివారం చర్చిలో కానుకల పాటప్పుడు పాటల తెర మీద ఆ ఫోటో నిలువెత్తున వేశారు. ముడి ఊడిన జుట్టు, ముక్కులో గొట్టం, నవ్వమంటే బలవంతాన తెరిచిన నోరు. కాలనీలో ఆమె దగ్గర చేపలు కొన్న ఆడవాళ్ళంతా అయ్యో అయ్యో అన్నారు.

తర్వాతి శనివారం మీసాలాయన ఫోటో వచ్చింది. ముక్కులో అదే గొట్టం, పక్కన అదే స్టిక్కరు, మొహం నిండా నవ్వు. ఎరుపు. చెల్లెలు ఏదో పొరపాటు నొక్కిందేమో అనుకుని ఫోన్ చేస్తే కలవలేదు. ఆ పై శనివారం పళ్ళు లేని ముసలమ్మ ఫోటో. ఆమె ఇంకా బాగా నవ్వింది. మళ్ళీ ఎరుపు. పది నిమిషాల్లో సెక్రటరీ గారి ఫోను.

"చూశావా అమ్మా? మోసం. మిషన్ని అద్దెకు తిప్పుతున్నారు. వ్యాను పంపిస్తున్నాను, తెచ్చేస్తారు."

నేను స్కూటీ తీశాను. దారి పొడుగునా ఎవరిని తిట్టాలో తెలియక అందరినీ తిట్టాను.

పాలెంలో బండి ఆపీ ఆపగానే ఆడవాళ్ళు చుట్టుకున్నారు. చెల్లెలు నా గురించి వాలంటీరు అని చెప్పి ఉంది. ఆ మాటకు ఇక్కడ అర్థం ఒకటే, ప్రభుత్వం మనిషి. "మా అత్తకు పింఛను పడలా, నువ్వేనా చూసేది?" అని ఒకామె కొంగు పట్టుకుంది. కాదని విడిపించుకునేసరికి ఇంకొకామె, "ఇంతోటి దానికి ఎందుకొచ్చినావు మరి?" అని మొహం మీదే అంది.

మిషన్ అక్క ఇంట్లో లేదు. తుఫాను షెల్టరులో ఉంది. మధ్యలో బల్ల వేసి, మీద కొత్త తువ్వాలు పరిచి దాన్ని కూర్చోబెట్టారు. సంఘం స్టిక్కరు పక్కనే పసుపు, కుంకుమ పెట్టారు. దాని గొట్టం ముక్కుకు తగిలించుకుని ఎద్దులాంటి మనిషి ఒకడు గోడకానుకుని ఫోన్లో ఏదో చూస్తున్నాడు.

"నీకేమయిందన్నా?" అన్నాను.

"మోకాలు నొప్పి," అన్నాడు గొట్టం తియ్యకుండానే.

నాకు అప్పుడు వెలిగింది. ఈ తీరం పాలేల్లో దురాయి అని ఒక కట్టు ఉంది. ఊరి పెద్దలు కూర్చుని ఒక మాట అనుకుంటే అది అందరికీ కట్టే. తుఫానుకు లారీలో బియ్యం వచ్చినా, దుప్పట్లు వచ్చినా ఎవరి పేరున వచ్చాయో చూడరు. ఊరి మధ్య కుప్ప పోసి ఇంటికింత అని పంచుతారు. బయటివాళ్ళు ఒకరికిచ్చి ఒకరికివ్వకుండా పోతే ఆ తగువు మిగిలేది ఊళ్ళోనే కాబట్టి అలా పెట్టుకున్నారు. బియ్యానికి, దుప్పట్లకు నేనూ ఒప్పుకుంటాను. కానీ వీళ్ళు ఆక్సిజన్ మిషన్ని కూడా ఇంటికింత అని పంచేశారు. ఇంటికో పూట వంతు. ఇంట్లో జబ్బు ఉన్నా లేకపోయినా వంతు వంతే. వచ్చిన వంతు వదులుకోవడం ఎవరికి మాత్రం ఇష్టం? మోకాలు నొప్పి వాళ్ళు, తాగింది దిగని వాళ్ళు, ఊరికే ఎలా ఉంటుందో చూద్దామనుకున్న వాళ్ళు, అందరూ ముక్కుకు పెట్టుకుని కూర్చున్నారు. చేపల అక్క తన వంతు కోసం ఇంట్లో ఎదురుచూస్తోంది.

ఊరి పెద్దాయన వచ్చాడు. నడుముకు పంచె, భుజాన తువ్వాలు, నన్ను చూస్తూనే చిరాకు.

"ఫోటోలు ఎందుకు మారాయి?" అన్నాను.

"శనివారం ఫోటో ఎక్కించమన్నారు, ఎక్కించినాం. ఒక్క వారమన్నా తప్పినామా? నవ్వమన్నారు, నవ్వినారు. ఇంకేం గావాల మీకు?"

"అది ఆ అక్క కోసం ఇచ్చిన మిషన్."

"ఊర్లోకి వచ్చింది ఊరిది. ఒక ఇంటికిచ్చి ఒక ఇంటికి లేదంటే రేపు పడవ తొయ్యను ఎవురొస్తారు? నువ్వొస్తావా?"

"ఊపిరి కూడా వాటాలేస్తారా పెద్దాయనా? సిగ్గుగా లేదూ?"

"సముద్రాన్నే పంచుకొని బతకతాండాం. నీ మిషనెంత?" అన్నాడు. "ముందు ఆమెను అడుగుపో. మేం మానుకుంటామన్నా ఆమె ఒప్పుకోలా, ఊరి మాట దాటనని."

ఇంతలో వ్యాను వచ్చింది. డ్రైవరు దిగి ఫోను చూపించాడు. "యాప్‌లో ఇంకా గడువుందంట, ఈ పొద్దు పొయ్యేలోపల పచ్చ రావాలంట. రాకపోతే మిషన్ ఎక్కించుకొని రమ్మన్నారు. నన్నేం అనబాకండి."

మిషన్ పోతుందన్న మాట వినగానే పెద్దాయన రంగు మారింది. దయతో కాదు, ఆయనకు దయ ఉందని నేను చెప్పను. మిషన్ వచ్చినప్పుడు పక్క పాలెం వాళ్ళను పిలిచి మరీ చూపించాడట. ఇప్పుడు అది వ్యాను ఎక్కి పోతే వాళ్ళు నవ్వుతారు. అక్కడే నలుగురిని పిలిచి మాట్లాడి తేల్చేశాడు. ఇంటింటి వంతూ ఆమెకే ఇచ్చేసినట్టు. మిషన్ మాత్రం ఊరిదే.

"ఆమెకు తీరినాక మళ్ళా షెల్టరుకు రావాల," అన్నాడు. ఆమెకు తీరడం అంటే ఏమిటో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట అన్నందుకు ఆయన్ని ఇప్పటికీ నేను క్షమించలేదు.

మోకాలు నొప్పి మనిషి దగ్గర గొట్టం లాక్కుని, మిషన్ని మోసుకుని అక్క ఇంటికి వెళ్ళాం. ఆమె మంచం మీద ముందుకు వంగి, రెండు చేతులూ పట్టె మీద ఆన్చి ఊపిరి లాక్కుంటోంది. పెదాలు నల్లబడ్డాయి. గొట్టం పెట్టాక కాసేపటికి తల ఎత్తింది. ఫోను తీశాను.

"ఒక్క ఫోటో అక్కా. పచ్చ వస్తే ఇక మిషన్ నీ దగ్గరే ఉంటుంది."

"నా మొకం ఇయ్యను," అంది.

"అదేంటి?"

"నా మొకం తీసకపోయి మీ గుళ్ళో తెరకేసినారంట. మీ కాలనీలో ఆడోళ్ళు మా చెల్లెలికి పాత చీరలిచ్చి పంపినారు. నాకు! నేను చీరలడిగినానా? నేను చేపలమ్మతా." అంతసేపు మాట్లాడేసరికి ఆయాసం వచ్చింది. ఆగి, మళ్ళీ అందుకుంది. "రేపు నేను లేచి గంపెత్తుకొని మీ గేటు కాడికొస్తే నాతో బేరమాడతారా మీరు? అయ్యో పాపం అని అడిగినంత ఇచ్చి పంపుతారు. థూ."

"అక్కా, ఊపిరి కంటే మొహం ఎక్కువా?"

"నువ్వు పో ఇక్కడ్నించి," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. సెక్రటరీ గారి మీద, పెద్దాయన మీద, నెలల తరబడి ఈ మిషన్ కోసం నన్ను పరుగులు పెట్టించి ఇప్పుడు మొహం ఇవ్వనంటున్న ఈ మనిషి మీద. బయట డ్రైవరు హారన్ కొట్టాడు. పొద్దు వాలుతోంది. ఆమె మెత్తబడే రకం కాదని ఇన్నేళ్ళ బేరాల్లో నాకు తెలుసు.

"సరే, ఇవ్వద్దు. ఆ గొట్టం ఇటివ్వు," అన్నాను.

గొట్టం నా ముక్కుకు పెట్టుకున్నాను. వాలంటీరుగా నాకు మిగిలిన ఆ ఒక్క వీలూ వాడి, పేషెంటు మొదటి ఫోటో స్థానంలో నా మొహం ఎక్కించాను. మిషన్ పక్కన కూర్చుని, స్టిక్కరు కనపడేలా తిరిగి, పళ్ళు బయటపెట్టాను. చెల్లెలు నొక్కింది. నేను రాసిన యాప్ నా మొహంతో నా మొహాన్ని పోల్చి చూసుకుని పచ్చ ఇచ్చింది. డ్రైవరు వ్యాను తిప్పుకుని పోయాడు. అక్క గొట్టం వెనక్కి లాక్కుంది.

మర్నాడు ఆదివారం. కానుకల పాట మొదలైంది. తెర మీద నేను. రెండో వరసలో ఆడవాళ్ళ వైపు కూర్చున్న నేనే, ముక్కులో గొట్టంతో, నిలువెత్తున ఇకిలిస్తూ. పాట అక్కడక్కడా ఆగిపోయింది. తలలు తిరిగాయి. నా పక్కనావిడ నా చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆరాధన అయ్యాక మెట్ల మీద చుట్టూ మూగారు. "ఒక్క మాటన్నా చెప్పలేదే తల్లీ" అని ఒకరు, "మా ప్రార్థనలో పెడతాం" అని ఒకరు. నాకేం జబ్బు లేదంటే ఎవరూ నమ్మరు. ఎంత కాదంటే అంత జాలిపడ్డారు. సాయంత్రం ఎదురు క్వార్టరు ఆవిడ జావ కాచి తెచ్చింది. ఆ గిన్నె గోడకేసి కొట్టాలన్నంత కోపం వచ్చింది. చీరలు వచ్చినప్పుడు ఆమెకు ఎలా మండి ఉంటుందో అప్పుడు తెలిసింది.

సెక్రటరీ గారు ఫోన్ చేశారు. ఆయన కోపంగా లేరు, కంగారుగా ఉన్నారు.

"ఏం పనమ్మా ఇది? చదువుకున్న పిల్లవి, ఉద్యోగం చేసే పిల్లవి. నలుగురిలో నీ పరువేం కాను? నీ ఫోటో తెర మీద ఇక వెయ్యనులే."

"మిగతా పేషెంట్లవో?"

"వాళ్ళది వేరే కదమ్మా."

ఏం వేరే అని అడిగాను. దేవుని పని అన్నారు. ఊపిరి ఇచ్చిన దేవుడికి కూడా ప్రతి శనివారం నవ్వే ఫోటో కావాలా అని అడిగాను. ఫోను పెట్టేశారు. చర్చిలో తెర మీద ఫోటోలు వెయ్యడం మాత్రం మానేశారు. నా పరువు కోసం మానేశారు, పేషెంట్ల పరువు కోసం కాదు. యాప్‌లో ఆ పేజీ అలాగే ఉంది. అది దాతల ఇష్టమట, హైదరాబాదులో ఉన్నాయన తియ్యడట. అక్క ముక్కు నుంచి తియ్యక్కర్లేకుండా వేరే గొట్టం కొనుక్కుపోయి, మిషన్‌కి తగిలించకుండానే ముక్కుకు పెట్టుకుని ఒకసారి ఫోటో దిగాను. గొట్టం మిషన్‌లోకి వెళ్తున్నట్టు లేదని ఆయన వెంటనే తిప్పికొట్టాడు. మొహాలు చూసే పని కంప్యూటరుది, గొట్టాలు చూసే పని ఆయనది. పేషెంటు మారిపోయిందని ఇద్దరిలో ఎవరికీ పట్టలేదు.

కాబట్టి శనివారాలు నేను పాలెం వెళ్తాను. అక్క ఇప్పుడు దిండుకు ఆనుకుని కూర్చుంటుంది. పెదాలకు రంగు వచ్చింది. నేను ఆలస్యంగా వెళ్తే తిట్టేంత గొంతు కూడా వచ్చింది. మిషన్ మంచం పక్కనే గురగురలాడుతూ ఉంటుంది. చెల్లెలు ఫోను పట్టుకుంటుంది. అక్క ముక్కు నుంచి గొట్టం తీసి, కొంగుతో తుడిచి, నా చేతికిస్తుంది. అది ఇంకా వెచ్చగా ఉంటుంది.

నేను పెట్టుకుంటాను. యాప్ నన్ను కొంచెం ఎడమకు జరగమంటుంది. వెలుతురు చాలలేదంటుంది. జరుగుతాను. ఆమె రెండు చేతులూ మంచం పట్టె మీద ఆన్చి ముందుకు వంగుతుంది. భుజాలు ఎగిసెగిసి పడుతుంటాయి. కళ్ళు నా మొహం మీదే ఉంటాయి. మొన్న శనివారం ఆ కళ్ళు చూస్తూ నాకు నవ్వు రాలేదు. దయచేసి నవ్వండి, అని తెర మీద పడింది. మళ్ళీ తీసింది చెల్లెలు. దయచేసి నవ్వండి. ఆ అక్షరాలు నేను రాసినవే.

"నవ్వు మా," అంది అక్క. "బిన్నా నవ్వు. నాకు ఊపిరాడటంలా."

నవ్వాను. పచ్చ వచ్చింది. గొట్టం తీసి ఆమెకిచ్చేశాను.